పొట్లం కట్టిన మాట

2002 ప్రాంతంలో హైదరాబాద్‌లోని రాంనగర్, చిక్కడపల్లి గల్లీల నెట్ సెంటర్లకు కొత్త రకం గిరాకీ మొదలైంది. కంప్యూటర్ ఎన్నడూ ముట్టని తల్లిదండ్రులు వచ్చేవారు. కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి అమెరికా వెళ్లాడు. ఐఎస్‌డీ బూతులో మీటరు పరుగు చూస్తూ మాట్లాడితే క్షేమం అడిగేలోపే భయమేసేది. ఇక్కడ హెడ్‌ఫోన్ తగిలించుకుని, "బిడ్డా, వినొస్తుందా?" అని గదంతా దద్దరిల్లేలా అరిచినా, ఖర్చు నెట్ సెంటర్ గంట కిరాయే.

ఇంటర్నెట్ మీద ఇలా మాట్లాడడం అంతకుముందు నేరం. 1998లో ప్రైవేటు కంపెనీలకు ఇంటర్నెట్ సేవలు అప్పగించిన ప్రభుత్వం, దాని మీద ఫోన్ మాట్లాడడాన్ని మాత్రం నిషేధించింది. విదేశీ కాల్స్ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ గుత్తాధిపత్యంలో ఉండేవి. 2002 ఏప్రిల్ 1న ఆ తలుపు తెరుచుకుంది.

సైన్స్ మాత్రం అప్పటికి పాతికేళ్లకు పైగా సిద్ధంగా ఉంది. మామూలు డిజిటల్ టెలిఫోన్ గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలతకు 8 బిట్లు, అంటే సెకనుకు 64,000 బిట్లు. నెట్ సెంటర్‌లోని డయలప్ మోడెం ఎంత లాగినా 56,000 దాటదు. పట్టని గొంతు ఆ తీగలో ఎలా పట్టింది?

దీని జవాబులో మన మనిషి ఉన్నాడు. కాన్పూర్‌లో పుట్టి, బెంగళూరు ఐఐఎస్‌సీలో చదివి, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చేరిన బిష్ణు అటల్. మాట్లాడేటప్పుడు నోరు, గొంతు ఆకారం మెల్లగా మారుతుంది. కాబట్టి గడిచిన కొన్ని కొలతలను బట్టి తర్వాతి కొలతను ఊహించవచ్చు. గొంతునంతా మోయకుండా, ఆ ఊహకు కావలసిన లెక్కలు పంపితే చాలు, అవతలి యంత్రం గొంతును మళ్లీ అల్లుకుంటుంది. జపాన్‌లో ఇటకురా, సైటో అనే పరిశోధకులు కూడా 1960ల చివర్లో ఇదే దారి పట్టారు. 1974 డిసెంబరులో ఈ పద్ధతితో అమెరికాలో ఇంటర్నెట్‌కు ముందు తరమైన ఆర్పానెట్ మీద మాట సాగింది, సెకనుకు 3,500 బిట్లతోనే! మన సెల్‌ఫోన్ కాల్స్‌లోనూ అటల్ ఆలోచన కొనసాగుతోంది.

అలా కుదించిన మాటను సెకనులో యాభయ్యో వంతు ముక్కలుగా కోసి, పొట్లాలు కట్టి పంపుతారు. ఈమెయిల్ పొట్లం పోతే మళ్లీ తెప్పించుకోవచ్చు. మాటకు ఆ వ్యవధి లేదు. ఆలస్యంగా వచ్చిన ముక్కను పారేసి ముందుకు సాగడమే మేలు. రాంనగర్ నుంచి అమెరికాలోని డాలస్ 14,000 కిలోమీటర్లకు పైనే. ఫైబర్‌లో వెలుతురుకే దాదాపు 0.07 సెకను పడుతుంది. డయలప్ జాప్యం దానికి తోడై, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగి, "నువ్వు చెప్పు", "కాదు, నువ్వే చెప్పమ్మా" అనుకునేవారు.

2003లో స్కైప్, 2015లో వాట్సాప్ కాల్స్ వచ్చాక నెట్ సెంటర్ అవసరమే తీరిపోయింది. స్కైప్ 2025 మే 5న మూతపడింది.

అయితే ఈ సౌకర్యం అందరికీ అందలేదు. ఇప్పుడు హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల్లో కొందరి తండ్రులు దుబాయ్‌లో కూలి పనుల్లో ఉన్నారు. యూఏఈ వాట్సాప్ కాల్స్‌ను ఏళ్ల తరబడి అడ్డుకుంటూ వచ్చింది. అనుమతి ఉన్న యాప్‌లలో కొన్నింటికి డబ్బు కట్టాలి. 2002కు ముందు మనకున్న అడ్డంకే అది. వలస కార్మికుల గురించి మన ప్రభుత్వాలు యూఏఈతో మాట్లాడినప్పుడల్లా, జీతాలతో పాటు ఈ కాల్స్ సంగతీ గట్టిగా అడగాలి.