మీకు తెలుసా? పాట లేని దేవరాట్టము

తమిళనాటి కోవిల్‌పట్టి, విరుదునగరము పరిసరములందలి నల్లరేగడి పల్లెలలో, ఇంట తెలుగు పలుకు రాజకంబళ నాయకులు తమ దేవతయైన జక్కమ్మ జాతరలందును వివాహములందును ఆడెడు దేవరాట్టమునకు పాటయే లేదు. వారు దేవదుందుభి యని పిలుచు ఉరుమి వాద్యమే దానికి సర్వస్వము. ఆ వాద్యపు ఒక ముఖమును పుల్లతో కొట్టుచు, రెండవదానిని వంపుకఱ్ఱతో రాయగా, మూలుగో గర్జనమో తేల్చి చెప్పరాని నాదమొకటి వెలువడును. ఒకే లయకు కలిసి కదలువారిలో పరస్పరవిశ్వాసము హెచ్చునని మనశ్శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకముగా చెప్పినది ఇటీవలనే. ఈ యాటలో, క్రొత్తవారికి గుండెలదరించు ఆ ఉరుమి ధ్వనియే, గజ్జెలు కట్టి, చేరుమాళ్లు విసరుచు వరుసగా నాడువారికి తమవారి నడుమ నున్నామను నిర్భయమును గొల్పును.