వినిపిస్తే సగమే, చెప్పిస్తేనే చదువు

అంతర్వేది నరసింహుడి కథలో ఇంటి చదువుకు ఒక పాఠం ఉంది. రెండు వందల ఏళ్ల నాటి గోదావరి పుస్తకాల జాబితా దాన్నే గుర్తుచేస్తోంది.

మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహుడి కల్యాణాలు జరిగే వారానికి ఇంటి చదువుల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు సంపాదకులు. పిల్లల్ని ఇంట్లోనే చదివించే తల్లిదండ్రుల్లో కొందరు భాషకు విడిగా వాచకం పెట్టరు. రోజూ ఒక మంచి పుస్తకం పైకి చదివి వినిపిస్తారు. మాటలు, రాత, వ్యాకరణం అన్నీ అందులోంచే నేర్పుతారు. ఈ పద్ధతి మన తెలుగు ఇళ్లలో నిలబడుతుందా అన్నది ప్రశ్న. ఉన్న కొద్ది గడువులో తిరగేసిన కాగితాల్లో ఒక్కటి నన్ను పట్టి కూర్చోబెట్టింది. అది 1823 నాటి పుస్తకాల జాబితా.

నలభై మూడు పేర్లు

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, మీ జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారో రాసి పంపండని కలెక్టర్లను అడిగాడు. మరుసటి ఏడాది రాజమండ్రి జిల్లా నుంచి వెళ్లిన జవాబులో తెలుగు బడుల్లో వాడే పుస్తకాల పేర్లు వరసగా ఉన్నాయి. చరిత్రకారుడు ధరంపాల్ 1983లో వెలువరించిన ‘ది బ్యూటిఫుల్ ట్రీ’లో ఆ జాబితాను చూడవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో వంకరలు పోయిన పేర్లను ఒక్కొక్కటే మళ్లీ తెలుగు చేసుకుంటూ పోతే 43 లెక్క తేలింది.

బాల రామాయణం, మొల్ల రామాయణం, రుక్మిణీ కల్యాణం. సుమతి, దాశరథి, భాస్కర వంటి పదకొండు శతకాలు. మనుచరిత్ర, వసుచరిత్ర, విజయవిలాసం. భారతంలో ఆదిపర్వం, ఉద్యోగపర్వం. భాగవతంలో సప్తమ, అష్టమ స్కంధాలు, గజేంద్రమోక్షం, కుచేలోపాఖ్యానం. మాటలకు అర్థాలు పద్యాల్లోనే చెప్పే అమరం, ఆంధ్రనామసంగ్రహం. చివరికి లెక్కలకు కూడా పద్యకావ్యమే, పావులూరి గణితం.

ఈ జాబితాలో రెండు సంగతులు గమనించాలి. వ్యాకరణం పేరిట ఒక్క పుస్తకం లేదు. పిల్లల కోసమని పలచబరిచిన వాచకం కూడా లేదు. ఉన్నవన్నీ పైకి చదవడానికి, చెవితో పట్టుకోవడానికి కుదిరిన పుస్తకాలు. అచ్చు పుస్తకం పల్లెకు చేరని రోజులవి. తాటాకు ప్రతి ఒక్కటి ఉంటే ఒకరు చదవాలి, మిగతావాళ్లు వినాలి.

ఆ పేర్లలో ప్రహ్లాద చరిత్ర దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట కొలువైన లక్ష్మీనరసింహుడి కథ అది. కొపనాతి కృష్ణమ్మ పూనుకోగా అంతర్వేది ఆలయాన్ని తిరిగి కట్టింది కూడా 1823లోనే అని స్థల చరిత్ర. ఒకే ఏడాది ఇటు గుడి లేచింది, అటు ఆ గుడి దేవుడి కథ బడిపిల్లల పుస్తకంగా సర్కారు కాగితాలకెక్కింది.

ప్రహ్లాదుడు ఎలా చదువుకున్నాడు?

నరసింహుడు స్తంభంలోంచి వచ్చిన ఘట్టం అందరికీ తెలుసు. దానికి ముందున్నదంతా చదువు కథే. ప్రహ్లాదుడు తల్లి కడుపులో ఉండగా నారదుడు ఆమెకు చెప్పిన మాటలు విన్నాడు. కాలం గడిచి తల్లి మరిచిపోయింది, బిడ్డ మరవలేదు. తరవాత చండామార్కుల దగ్గర చదువుకు పెట్టారు. ఇంటికి వచ్చిన కొడుకును హిరణ్యకశిపుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని, నేర్చుకున్నదాంట్లో మంచిదేదో చెప్పమన్నాడు. పిల్లవాడు గురువులు వల్లెవేయించింది చెప్పలేదు. తనకు అర్థమైంది తన మాటల్లో చెప్పాడు.

వినడం, ఆ తరవాత తిరిగి చెప్పడం. ఇంటి చదువు చెప్పేవాళ్లు చాలామంది నేడు అనుసరిస్తున్న పద్ధతికి మూలసూత్రం ఇదే. బ్రిటన్‌లో విద్యావేత్త షార్లెట్ మేసన్ 1886లో తెచ్చిన ‘హోమ్ ఎడ్యుకేషన్’లో చెప్పింది కూడా ఇదే. మంచి పుస్తకంలో కొంత భాగం ఒక్కసారే చదవాలి, పిల్లల చేత సొంత మాటల్లో చెప్పించాలి. ఆరేళ్లు నిండనివారిని మాత్రం చెప్పమని బలవంతపెట్టకూడదంటుందామె. ఒక్కసారే చదువుతారని తెలిస్తే పిల్లలు చెవి ఒగ్గి వింటారు. చెప్పేటప్పుడు వరస కుదుర్చుకుంటారు, మాట వెతుక్కుంటారు. వ్యాసరచనకు అదే తొలిమెట్టు.

వల్లెవేత ముప్పు

పాత బడిని నెత్తిన పెట్టుకుని ఊరేగడం నా ఉద్దేశం కాదు. అదే 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ పంపిన నివేదిక చదివితే ఆ ముచ్చట తీరుతుంది. ఆయన తెలుగుకు వ్యాకరణం రాసి 1816లో అచ్చువేసినవాడు, తెలుగు తెలియక అన్న మాట కాదు. పిల్లలు పద్యాలు గడగడా ఒప్పజెబుతున్నారు గాని, ఆ భాష వాడుక మాటకు దూరమైనందున అర్థం తెలియడం లేదన్నాడు. వినిపించి ఊరుకుంటే, కంఠస్థంతో సరిపెడితే, జరిగేది అదే. ఇంటి చదువు మొదలుపెట్టే ప్రతి తల్లీ తండ్రీ ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి.

తరవాతి చరిత్ర గబగబా చెప్పుకోవచ్చు. 1835లో మెకాలే సర్కారును ఇంగ్లీషు చదువు వైపు మొగ్గించాడు. 1850లలో నరసాపురం సబ్ కలెక్టరు టేలర్, రైతులు ఒప్పుకుని కట్టిన పన్నుతో పల్లెల్లో బడులు తెరిపించాడు. నరసాపురం టేలర్ హైస్కూలుది ఆయన పేరే. వాచకాలు వచ్చాయి, పరీక్షలు వచ్చాయి, పైకి చదివే అలవాటు సన్నగిల్లింది.

బాక్సు: ఏం చదవాలి?

బేతాళ కథలు: 1947లో మొదలైన చందమామ వీటిని ఇంటింటికీ చేర్చింది. కథ చివర ప్రశ్న ఉంటుంది కాబట్టి, విక్రమార్కుడు నోరు తెరవకముందే పిల్లల జవాబు అడగండి.

బుడుగు: ముళ్ళపూడి రాత, బాపు గీత. అంతర్వేది దగ్గరి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతల దిగితే బాపు పుట్టిన నరసాపురమే. వాడుక మాట కాగితం మీద ఎలా నడుస్తుందో పిల్లలకు చెవి ద్వారా తెలుస్తుంది.

శతకాలు: రోజుకు ఒక్క పద్యం. అర్థం మీరు చెప్పకుండా ముందు వాళ్లను ఊహించనివ్వండి.

బాక్సు: చట్టం సంగతి

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య హక్కు ఇచ్చింది. ఇంటి చదువు గురించి విడిగా ఏమీ చెప్పలేదు. 14 ఏళ్లు నిండినవారు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు.

అందరి ఇళ్లకూ

చేపల వేటకు వెళ్లే ఇంట్లో, కొబ్బరి దింపు మీద బతికే ఇంట్లో పిల్లల్ని బడి మానిపించి చదివించడం కుదరని పని. కుదరాలని కోరడమూ తప్పే. కాని రాత్రి భోజనాలయ్యాక అరగంట అందరి చేతిలోనూ ఉంది. గల్ఫ్‌లో పనిచేసే తల్లి వీడియో కాల్‌లో ఒక కథ చదివి వినిపించవచ్చు. ఇంట్లో మామ్మకు చదువు రాకపోతే ఏడో తరగతి మనవరాలు చదువుతుంది, మామ్మ, తమ్ముడు వింటారు. “ఏం విన్నావురా, చెప్పు” అని అడగడానికి మామ్మకు అక్షరాలు రానక్కర్లేదు. వాడు చెప్పిన దాంట్లోంచి రెండు వాక్యాలు మర్నాడు అక్క వాడి చేతే రాయించాలి. తప్పులు దిద్దాలి, తెలియని మాట ఒకటి పట్టుకుని నాలుగు వాక్యాల్లో వాడించాలి. భాషాపాఠం అక్కడితో పూర్తవుతుంది.

ఇంటి చదువు పేరిట వేలు పోసి పాఠాల పెట్టెలు తెప్పించుకునేవారికి నా మాట ఒక్కటే. ముందు ఒక తెలుగు పుస్తకం కొనండి. నెల రోజులు పైకి చదవండి, పిల్లల చేత చెప్పించండి, రాయించండి. ఆ తరవాత కూడా పెట్టె అవసరమనిపిస్తే అప్పుడు తెప్పించుకోండి.