అద్దె ర్యాకులో మన సర్వర్లు

1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునందో, ప్రక్కనున్న తార్నాకలోనో ఒక చిన్న పరిశోధక బృందము తన నాలుగు సర్వర్లను గచ్చిబౌలి డేటా సెంటరులో అద్దె ర్యాకునందు ఉంచదలచినదనుకొందము. ర్యాకు వెడల్పు 19 అంగుళములు. ఎత్తును ‘యూ’లలో కొలుతురు. ఒక యూ 1.75 అంగుళములు. అంత ఎత్తుగల గిగాబిట్ స్విచ్చి నాలుగు సర్వర్లకు సాధారణముగా చాలును.

అయితే వేగముకంటె ముందు విచారింపవలసినది వేరొకటి కలదు. అర్ధరాత్రివేళ సర్వరు పలుకకున్నచో, నగరము ఆ కొసకు పరుగెత్తకయే దానిని చక్కదిద్దగలమా? స్విచ్చికి ఒక్క తప్పుటాజ్ఞ ఇచ్చిన, మనము లోనికి పోవు దారియే మూసికొనిపోవచ్చును. కావున నిర్వహణకు వేరొక లైనును, దూరమునుండి విద్యుత్తును ఆపి మరల ఇచ్చు సాధనమును ఏర్పరచుకొనవలెను. అవే అమరికలతో రెండవ స్విచ్చిని ర్యాకులోనే సిద్ధముగా నుంచుట మేలు. ధనము పరిమితమైనచో వేగమున కొంత తగ్గించుకొనియైనను వీనిని సమకూర్చుకొనుడని మా సలహా.