శిక్ష, శిక్షణ: గుంజీళ్ళను గూర్చి కొన్ని మాటలు

సంస్కృతంలో 'శిక్ష' అంటే నేర్పడం, అభ్యసింపజేయడం. వేదాంగాలు ఆరింటిలో ఉచ్చారణ శాస్త్రానికి ఆ పేరే ఉన్నది. హిందీవారు నేటికీ విద్యను శిక్ష అనే అంటారు. తెలుగులో మాత్రం ఆ మాట బెత్తం చేతపట్టి దండనగా స్థిరపడిపోయి, నేర్పడం అనే పాత అర్థాన్ని 'శిక్షణ'కు వదలివేసింది. ఉర్దూలోని 'తాలీమ్' చరిత్ర వేరు. ఆ మాటకు విద్య అని అర్థం. కుస్తీ నేర్చే వ్యాయామశాలకు 'తాలీంఖానా' అన్న పేరు ఆ మాట నుండే వచ్చింది. చదువుకూ కసరత్తుకూ ఒక్క మాటే చాలిందన్నమాట.

ఈ మాటల ముచ్చట ఎందుకంటే, మన బడులలో ఒక మంచి వ్యాయామానికి సరిగ్గా 'శిక్ష' అనే మాటకు పట్టిన గతే పట్టింది. చెవులు పట్టుకొని గుంజీళ్ళు తీయడం, గోడకుర్చీ వేయడం ఎరుగని విద్యార్థి తెలుగునాట అరుదు. పాఠం అప్పజెప్పనివాడికీ, ఆలస్యంగా వచ్చినవాడికీ అవే బహుమానాలు. వినాయక చవితినాడు హిందూ సోదరులు విఘ్నేశ్వరుని ఎదుట నవ్వుతూ తీసేవీ గుంజీళ్ళే. చెవులను వదలివేస్తే, ఇదే కదలికను పహిల్వాను బైఠక్ అన్నాడు, సాముగరిడీల గురువు బస్కీ అన్నాడు, నేటి వ్యాయామ నిపుణుడు స్క్వాట్ అంటున్నాడు.

గామాగా లోకానికి తెలిసిన గులామ్ మహమ్మద్ (1878-1960) దేహాన్ని తీర్చినవి ప్రధానంగా దండీలు, బైఠక్ లే. 1910లో లండన్ లో ఆయన ఎదుట నిలిచిన పోలండు మల్లుడు జ్బిష్కో రెండున్నర గంటలకు పైగా నేలను కరచుకొని ఆనాటికి గండం గడుపుకొన్నాడు; వారం తరువాత జరగవలసిన మలిపోరుకు రానే లేదు. మన తెలుగు ఆడపడుచు, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఆ మొత్తంలో 130 కిలోలు 'క్లీన్ అండ్ జెర్క్' పద్ధతిలో ఎత్తినవి. ఆ పద్ధతిలో ఎత్తేవారు బరువును భుజాల మీదికి తీసుకొంటూ గొంతుకూర్చుంటారు, ఆ బరువుతోనే పైకి లేస్తారు. ఆ లేవడం గుంజీలో రెండవ సగమే.

ఈ కదలికలో పనిచేసేవి దేహంలోని పెద్ద కండరాలు. మోకాలిని చాచేది తొడ ముందరి నాలుగు తలల కండరం. తుంటిని నిలబెట్టేది పిరుదుల కండరం. శరీరమంతటిలో పెద్దది ఇదే. తొడ వెనుకటి కండరాలు, పిక్కలు, నడుము వీటికి తోడు నిలుస్తాయి. బేతంచెర్ల గనులలో నాపరాతి బండను ఎత్తే కూలీని గమనించండి. అనుభవశాలి అయినవాడు నడుము వంచి బండను లాగడు. మోకాళ్ళు మడిచి దానిదాకా దిగి, తొడల బలంతో లేస్తాడు. వెన్నెముకను కాపాడుకొనే విద్య అది. మన తాతలకు బావి వద్ద, పొలంలో, పొయ్యి ముందర గొంతుకూర్చోవడం రోజువారీ పని. బల్లలూ, కుర్చీలూ, గట్టు మీద పొయ్యిలూ వచ్చి మనకు ఆ అవసరం తీరిపోయింది. ఇరవై ఏళ్ళ యువకుడు నేల మీది నుండి చేయి ఊనకుండా లేవలేకపోవడం నేను తరచుగా చూస్తున్నాను.

ఇంత మంచి వ్యాయామం శిక్ష రూపంలో ఎందుకు చేటు చేస్తుంది? కిందికి దిగేటప్పుడు తొడ కండరం బరువును మోస్తూనే సాగుతుంది. అలవాటు లేని కండరం అలా సాగినప్పుడు దాని తంతువులలో సూక్ష్మమైన చీలికలు ఏర్పడతాయి. మరునాడూ, ఆ మరునాడూ మెట్లు దిగలేనంత నొప్పి కలగడానికి కారణమదే. కొద్దిగా చేసి, విశ్రాంతి ఇచ్చి, మరల చేస్తే కండరం తట్టుకోవడం నేర్చుకొంటుంది. రెండవసారి అదే పని సగం నొప్పి కూడా పెట్టదు. పహిల్వాను వందల బైఠక్ లు తీయగలగడం వెనుక ఏళ్ళ తరబడి సాగిన ఈ మెట్లవరుస ఉన్నది. ఏ అలవాటూ లేని పిల్లవాని చేత ఒక్కసారిగా రెండు వందలు తీయించడమంటే ఆ మెట్లన్నీ తీసివేసి మేడ మీదికి దూకమనడమే. అటువంటప్పుడు కండరం విరివిగా చితికి, దానిలోని ద్రవ్యం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. గుంజీళ్ళు తీసిన ఒకటి రెండు రోజులకు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే తైలమర్దనంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి పోవాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా దండించడాన్ని నిషేధించింది. గుంజీళ్ళు బెత్తం కావు కదా అని సమాధానపడే ఉపాధ్యాయులు ఈ సంగతి గమనించవలె.

ఇక శిక్షణ మాట. మొదట ఒక కుర్చీ ముందు నిలబడి, పాదాలు భుజాలంత ఎడంగా ఉంచి, మడమలు నేల విడవకుండా, మోకాళ్ళు కాలివేళ్ళ దిక్కుకే పోయేటట్లు నెమ్మదిగా కూర్చోవాలి, లేవాలి. చేతులు చెవులకు కాక ముందుకు చాస్తే తూకం నిలుస్తుంది. విడతకు ఎనిమిది చొప్పున రెండు విడతలు, వారానికి రెండు మూడు రోజులు, నడుమ ఒక్కొక్క రోజు విశ్రాంతి: మొదటి వారానికి ఇది చాలు. ఆ పైన కుర్చీ తీసివేయవచ్చు. పన్నెండు సులువుగా వచ్చిన నాడు సంఖ్యను వందలకు పెంచకుండా బరువును పెంచాలి. అయిదు కిలోల బియ్యపు సంచి గుండెకు హత్తుకొన్నా సరే. రెండవ ప్రపంచ యుద్ధంలో మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులకు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలార్మ్ ఈ విధంగానే క్రమక్రమంగా బరువు పెంచుతూ బలం తిరిగి తెప్పించాడు. గాయపడిన కాలికి విశ్రాంతే మందు అని నమ్మిన కాలమది. మోకాలి నొప్పి ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి మొదలుపెట్టాలి. మన కర్నూలు, కడప వేసవిలో సూర్యోదయానికి ముందే ముగించడం మేలు.

గోడకుర్చీని కూడా చిన్నచూపు చూడరాదు. 2023లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ లో 270 పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష ఒకటి వెలువడింది. రక్తపోటును తగ్గించడంలో కదలకుండా బిగబట్టే వ్యాయామాలు అన్నిటికన్నా మిన్నగా కనబడ్డాయి; పై రక్తపోటు విషయంలో వాటిలోనూ గోడకుర్చీకే అగ్రస్థానం. మన లెక్కల మాస్టర్లకు ఈ వార్త చేరకపోవడమే మంచిది!

దేహసౌష్ఠవం కోరి వచ్చేవారికి రెండు నిజాలు చెప్పాలి. తొడల వ్యాయామం చేస్తే తొడల కొవ్వే కరగదు. కొవ్వు దేహమంతటి నుండి తన క్రమంలో తాను పోతుంది. తొలి వారాలలో పెరిగే బలం ఎక్కువగా నాడులు నేర్చుకొన్న నేర్పు. కండ కంటికి కనబడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. బరువులెత్తితే మగవారివలె కండలు వస్తాయని ఆడపిల్లలు భయపడుతుంటారు. అందుకు కావలసిన టెస్టోస్టిరోన్ వారిలో బహు స్వల్పం. వారికి కలిగేది బిగువైన నడక, గట్టి ఎముక.

కండకు మాంసకృత్తులు కావాలి. పెద్దవారికి దేహపు బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాములు అవసరమని భారత వైద్య పరిశోధన మండలి చెప్పింది. అనగా 50 కిలోల మనిషికి 41 గ్రాములకు పైగా. బరువులెత్తేవారికి అంతకన్న ఎక్కువే కావాలి. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మన సీమకు ప్రాణమే అయినా అందులో కండకు దక్కేది అత్యల్పం. ఉలవలు, అలసందలు, కందిపప్పు, గుడ్డు, గుప్పెడు వేరుశనగ విత్తనాలు చాలామందికి అందుబాటులోనివే. డబ్బాలలో అమ్మే పొడుల అగత్యం విద్యార్థులకు లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన బాలురకు మైదానమైనా ఉన్నది. బాలికలకు, ముఖ్యంగా పరదా పాటించే కుటుంబాల నుండి వచ్చే వారికి, నలుగురి కళ్ళ ముందు వ్యాయామం చేయడం సాధ్యం కాదు. వారికి కావలసింది లోపల గడియ ఉన్న ఒక గది, పది చాపలు, కొద్దిపాటి ఇనుప బరువులు, వారానికి రెండు గంటలు వచ్చే ఒక శిక్షకురాలు. విరిగిన బెంచీలు దాచిన వెనుక గదిని ఖాళీ చేయించగలిగితే, బెంచీల మరమ్మతు సంగతి తరువాత చూసుకోవచ్చు.