లిండ్బర్గు: సాహసము వేఱు, వివేకము వేఱు

1927 మే 20వ తేదీ ఉదయమున న్యూయార్కు చెంతనున్న రూజ్‌వెల్టు మైదానమునుండి చార్లెస్ లిండ్బర్గు అను ఇరువదియైదేండ్ల వైమానికుడు ఒంటరిగ బయలుదేరి, ముప్పదిమూడున్నర గంటలకు పారిస్ నగరమున దిగెను. 2027 మే నెలకు ఆ యాత్రకు నూరేండ్లు నిండును. ఉత్సవములు జరుగుట సహజమే. వానితోబాటు ఆతని జీవితములోని తక్కిన భాగమును గూడ స్మరించుట న్యాయమని మా అభిప్రాయము.

ఆ సాహసమును తక్కువచేయుట మా యుద్దేశము కాదు. అట్లాంటికు సముద్రమును విమానముపై దాటినవారిలో ఆతడు ప్రథముడు కాడు. 1919లోనే ఆల్కాకు, బ్రౌను అను బ్రిటిషువారిరువురు న్యూఫౌండ్లాండునుండి ఐర్లాండు చేరిరి. కాని న్యూయార్కునుండి పారిస్ వఱకు 3,600 మైళ్ళు ఎచ్చటను దిగక ఒక్కడే పోవుట మున్నెవ్వరును చేయని పని. ఆ నగరముల నడుమ ఆగక పోవువారికి ఆర్టీగు అను హోటలు యజమాని 25,000 డాలర్లు బహుమానము ప్రకటించియుండెను. దానికై యత్నించి కొందఱు ప్రాణములు గోల్పోయిరి. రెండు వారములకు ముందు పారిస్ విడిచిన నంగెస్సరు, కోలీ అను ఫ్రెంచి వీరులు మఱి కానరాలేదు. లిండ్బర్గు విమానమునకు ఇంజను ఒక్కటే. రేడియో లేదు, పారాషూటు లేదు. పెట్రోలు తొట్టి అడ్డుగా నుండుటచే ఎదుటి దారియే కానరాదు. అట్టిదానిలో నిద్రతో పోరాడుచు వచ్చినవానిని చూచుటకు లక్షకు మించిన జనము వేచియుండెను. 1932లో ఆతని పసిబిడ్డ అపహరింపబడి హతమైనపుడు లోకమంతయు తన బిడ్డ పోయినట్లు దుఃఖించెను.

ఇంతటి కీర్తితో ఒక చిక్కు గలదు. విమానము నడపుటలో ఆరితేఱినవానికి రాజ్యవ్యవహారములును తెలిసియుండునని జనులు తలతురు. కొంతకాలమునకు ఆతడును అట్లే తలచును. 1936 మొదలు లిండ్బర్గు పలుమాఱులు జర్మనీకి పోయి, అచ్చటి వైమానికబలమును మెచ్చుకొనెను. 1938 అక్టోబరులో బెర్లినునందు గోరింగు హిట్లరు పేర ఆతనికొక పతక మిచ్చెను. నెల తిరుగకమున్నే జర్మనీలో యూదుల ప్రార్థనాలయములు తగులబెట్టబడెను. పతకమును మాత్ర మాత డెన్నడును తిరిగి పంపలేదు.

యుద్ధమును వలదనుట నేరము కాదు. ఆతని తండ్రియు అమెరికా ప్రతినిధిసభలో నుండి, మొదటి ప్రపంచయుద్ధమున తమ దేశము చేరరాదని వాదించెను. కాని కుమారుడు 1941 సెప్టెంబరు 11న డెమాయిన్ నగరమున ‘అమెరికా ఫస్టు’ సంఘము పక్షమున మాటాడుచు, దేశమును యుద్ధమునకు త్రోయుచున్నవారు బ్రిటిషువారు, యూదులు, రూజ్‌వెల్టు ప్రభుత్వము అని పేర్కొనెను. సినిమాలు, పత్రికలు, రేడియో, ప్రభుత్వములందు యూదులకు గల పలుకుబడి దేశమునకు ప్రమాదమనెను. ప్రభుత్వమును విమర్శించుట పౌరుని హక్కు. ఐరోపాలో వేటాడబడుచున్న జాతిని స్వదేశమున వ్రేలెత్తి చూపుట అన్యాయము.

ఆసియావాసులమగు మనము మఱవరాని సంగతి మఱొకటి గలదు. 1937లో ఆతడు భార్యతో విమానమున మన దేశమునకు వచ్చెను. అయినను 1939 నవంబరున రీడర్స్ డైజెస్టు పత్రికలో ప్రకటించిన వ్యాసమున, విమానవిద్య శ్వేతజాతుల రక్షణకు లభించిన అమూల్యసాధనమనియు, ఆసియా జనబాహుళ్యమునకును ఐరోపా వారసత్వమునకును నడుమ అది అడ్డుగోడ యనియు వ్రాసెను. సముద్రము నడుమనున్న రెండు ఖండములను ఒక్కరోజున్నర దూరమునకు తెచ్చినవాడే ఆకాశమున గోడ కట్టజూచెను! ఇంతకంటె వింత యేమున్నది?

న్యాయముగా చెప్పవలసినది ఇంకను గలదు. 1941 డిసెంబరులో జపాను అమెరికాపై బడినపుడు ఆతడు సైన్యమున చేరగోరగా ప్రభుత్వ మంగీకరింపలేదు. అయినను 1944లో పౌరుడుగనే పసిఫికు రణరంగమునకు పోయి, సుమారు 50 మాఱులు యుద్ధవిమానము నెక్కెను. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోవు విధమును యువవైమానికులకు నేర్పెను. ఇది దేశద్రోహి చేయు పని కాదు. 1954లో ఆతనికి సైనికపదవియు, తన యాత్రనుగూర్చిన గ్రంథమునకు పులిట్జరు బహుమానమును లభించెను. తుదిదినములందు తిమింగిలముల రక్షణకు, వన్యప్రాణుల రక్షణకు పాటుపడి 1974లో హవాయి ద్వీపములలో మరణించెను. కాని 1970లో తన దినచర్యలను ప్రకటించినపుడును పూర్వవాదమును విడిచిపెట్టలేదు.

ఈ రెండిటిని కలిపి సగటు తీయుట మాకు సమ్మతము కాదు. యాత్ర గొప్పదగుటచే ఉపన్యాసము ఒప్పు కాజాలదు. ఉపన్యాసము తప్పగుటచే యాత్ర చిన్నది కాజాలదు. ఆ విమానము నేడు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలో వ్రేలాడుచున్నది; అది దానికి తగిన స్థానమే. దానిని చూచువా రా యుపన్యాసమును గూడ చదువుదురుగాక. ఒక విద్యయందు మిన్నయైనవానికి పూలమాల వేయుట మనకును అలవాటే. మాల వేసిన చేతులతో మన వివేకమును గూడ ఆతని కప్పగింపకుండుటయే ఈ చరిత్ర నేర్పు పాఠము.