కీమో రాయ్‌పూర్‌లో, జ్వరం సొంతూళ్లో: మధ్యలో ఉన్న డాక్టర్‌కు ఏం తెలియాలి?

క్యాన్సర్ చికిత్స అనగానే పెద్దాసుపత్రి, స్కానింగ్ యంత్రాలు, స్టాండ్‌కు వేలాడే సెలైన్ సీసా గుర్తుకొస్తాయి. లెక్క వేసి చూస్తే రోగి ఆసుపత్రిలో గడిపే సమయం చాలా తక్కువ. చాలా రకాల కీమోథెరపీని 21 రోజులకు ఒకసారి ఇస్తారు. మందు ఎక్కించడానికి ఒకటో రెండో రోజులు పడుతుంది. మిగతా దాదాపు మూడు వారాలూ రోగి ఇంట్లోనే ఉంటారు. మందు దుష్ప్రభావాలు ఎక్కువగా బయటపడేది కూడా అప్పుడే. ఆ సమయంలో అందుబాటులో ఉండేది క్యాన్సర్ నిపుణుడు కాదు, వీధి చివర క్లినిక్‌లోనో ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో ఉండే డాక్టర్.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ ఎడం మరీ ఎక్కువ. రాష్ట్రంలోని పెద్ద క్యాన్సర్ కేంద్రాలు ఎక్కువగా రాయ్‌పూర్ చుట్టుపక్కలే ఉన్నాయి. నగరంలో అంబేడ్కర్ ఆసుపత్రికి అనుబంధంగా ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం, ఎయిమ్స్ ఉన్నాయి. నవ రాయ్‌పూర్‌లో 2018లో మొదలైన బాల్కో మెడికల్ సెంటర్ ఉంది. బస్తర్ ముఖ్య పట్టణం జగదల్‌పూర్ నుంచి అక్కడికి దాదాపు 300 కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో, తెలుగు వినిపించే కొంటా నుంచైతే 400 కిలోమీటర్లు దాటుతుంది. కొంటాలో పదో రోజు రాత్రి జ్వరం వస్తే రోగి వెళ్లేది రాయ్‌పూర్‌కు కాదు.

పదో రోజు జ్వరం

ఆ పదో రోజును ఊరికే ఎంచుకోలేదు. మన ఎముక మజ్జ రోజుకు సుమారు 10 వేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారు చేస్తుంది. సూక్ష్మజీవులపై మొదట విరుచుకుపడే తెల్ల రక్తకణాలు ఇవి. రక్తంలో వీటి ఆయుష్షు చాలా తక్కువ, ఒక రోజుకు అటూ ఇటూ. అందుకే తయారీ ఆగితే నిల్వ త్వరగా కరిగిపోతుంది. వేగంగా విభజన చెందే కణాలను చంపడమే కీమో మందుల పని. మజ్జలో పుట్టే కణాలూ వేగంగానే విభజన చెందుతాయి కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది. అయితే మజ్జలో అప్పటికే సిద్ధంగా ఉన్న కణాలు కొన్నాళ్లు రక్తంలోకి వస్తూనే ఉంటాయి. ఆ సరుకు అయిపోయేసరికి చాలా మందులకు 7 నుంచి 14 రోజులు పడుతుంది. మైక్రోలీటరు రక్తంలో మామూలుగా కొన్ని వేలు ఉండాల్సిన న్యూట్రోఫిల్స్ అప్పుడు 500 కన్నా తగ్గిపోవచ్చు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. చీము అంటే చాలావరకు చనిపోయిన న్యూట్రోఫిల్సే. అవే లేనప్పుడు చీము పట్టదు, పుండు ఎర్రగా వాచదు, న్యుమోనియా ఉన్నా ఎక్స్‌రేలో మచ్చ స్పష్టంగా కనిపించకపోవచ్చు. ఇన్‌ఫెక్షన్ ఉందని చెప్పే గుర్తు ఒక్క జ్వరమే మిగలవచ్చు. అందుకే ఈ రోజుల్లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరిన జ్వరాన్ని అత్యవసరంగా చూస్తారు. గంటలోపు యాంటీబయాటిక్ నరం ద్వారా ఇవ్వాలన్నది ప్రపంచవ్యాప్తంగా పాటించే నియమం. ఆలస్యమైతే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు.

మరి క్లినిక్‌లో మామూలుగా ఏం జరుగుతుంది? జ్వరానికి పారాసిటమాల్, ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, నీరసానికి సెలైన్. మిగతావారి విషయంలో చాలాసార్లు గడిచిపోయే వైద్యమే ఇది. ఈ రోగి విషయంలో మాత్రం పారాసిటమాల్ ఉన్న ఒక్క గుర్తునూ చెరిపేస్తుంది. నోటి, గొంతు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో రేడియేషన్‌తో పాటు ఎక్కువగా వాడే సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలకు భారం. డైక్లోఫెనాక్ ఆ భారాన్ని పెంచుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే కండలోకి చేసిన సూదిమందు దగ్గర రక్తం గడ్డకట్టి వాస్తుంది. పైగా ఇది బస్తర్. అక్కడ జ్వరమంటే ముందు మలేరియా గుర్తుకు రావడం సహజం. ప్రభుత్వం ఇంటింటికీ తిరిగి మలేరియా పరీక్షలు చేయిస్తున్న ప్రాంతం అది. పరీక్ష చేయాల్సిందే. అయితే పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ లేనట్టు కాదు. మలేరియా మందు మొదలుపెట్టినా యాంటీబయాటిక్‌ను ఆపకూడదు.

ఇందులో ఆ డాక్టర్ తెలివితక్కువతనం ఏమీ లేదు. రోగి చేతిలో ఉండే డిశ్చార్జ్ కాగితంలో మందుల పేర్ల సంక్షిప్త రూపాలు, మోతాదులు, తర్వాత రావాల్సిన తేదీ ఉంటాయి. మరో క్యాన్సర్ నిపుణుడికి అది చాలు. ఊరి డాక్టర్‌కు కావాల్సినవి వేరు: ఏ రోజుల్లో తెల్లకణాలు తగ్గుతాయి, జ్వరం వస్తే మొదట ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలి, ఏ మందులు ఇవ్వకూడదు, రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేది ఎవరు. ఒక పేజీలో పట్టే సమాచారం ఇది.

సమాచారం రెండో వైపు నుంచీ రావాలి. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ వ్యాధి విస్తృతంగా ఉంది. ఈ వ్యాధి ఉన్నవారిలో వాంతులతో నీరు తగ్గితే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి రక్తనాళాలను అడ్డుకుంటాయి. కీమో తర్వాత తెల్లకణాలను పెంచడానికి ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ కూడా వీరిలో తీవ్ర సంక్షోభం తెచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. ఆ ఇంట్లో సికిల్ సెల్ ఉందని, రోగికి పదేళ్లుగా షుగర్ ఉందని, ఎప్పుడో టీబీ మందులు వాడారని తెలిసేది ఫ్యామిలీ డాక్టర్‌కే. వాంతులు రాకుండా కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథాసోన్ షుగర్‌ను అమాంతం పెంచుతుంది. ఆ నాలుగు రోజులు ఇన్సులిన్‌ను సర్దాల్సింది ఎవరన్నది ముందే మాట్లాడుకోకపోతే చివరికి ఎవరూ సర్దరు.

మొదటి చీటీ రాసే చోట

చికిత్సకు ముందు మరో దశ ఉంది. 2016-17 నాటి ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్ పెద్దల్లో 39.1 శాతం మంది ఏదో రూపంలో పొగాకు వాడుతున్నారు. వారిలో అత్యధికులది నమిలే, రుద్దే పొగాకే. పళ్లు తోముకోవడానికి వాడే గుడాఖు అనే పొగాకు ముద్ద ఆడవాళ్లలోనూ అలవాటే. కాబట్టి నోటిపూతతో వచ్చేవారు ఇక్కడి క్లినిక్‌లలో సర్వసాధారణం. వారిలో క్యాన్సర్ ఉన్నది ఎవరికి?

క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చేవారిని అప్పటికే ఎవరో వడపోసి పంపి ఉంటారు, కాబట్టి అక్కడ నోటిపుండు అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం ఎక్కువ. క్లినిక్‌లో అదే పుండుకు కారణం కారమో, పదునైన పన్నో, విటమిన్ లోపమో కావచ్చు. లక్షణం ఒకటే అయినా, కూర్చున్న చోటును బట్టి దాని అర్థం మారుతుంది. బ్రిటన్‌లో 2015లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు దీనికి ఒక సంఖ్యను పెట్టాయి. క్యాన్సర్ అయ్యే అవకాశం 3 శాతం ఉందనిపించినా పెద్దాసుపత్రికి పంపాలని చెప్పాయి. అంటే వందమందిని పంపితే 97 మందికి ఏమీ లేకపోవచ్చు. తెలిసే వేసుకున్న లెక్క అది. కారణం తెలియని నోటిపుండు మూడు వారాలు దాటి మానకపోతే పంపమన్నది కూడా అందులోనే ఉంది. రెండోసారి, మూడోసారి నోటిపూతకు పూసే జెల్ రాసిచ్చే అలవాటుకు ఈ మూడు వారాల హద్దు మంచి విరుగుడు.

ఛత్తీస్‌గఢ్‌లో ‘ఫ్యామిలీ డాక్టర్’ అంటే ఎంబీబీఎస్ బోర్డు ఉన్న క్లినిక్ ఒక్కటే కాదు. పల్లెల్లో డాక్టర్ల కొరత తీర్చడానికి రాష్ట్రం 2001లో మూడేళ్ల వైద్య కోర్సు మొదలుపెట్టింది. కోర్సు తర్వాత ఆగిపోయినా, అందులో చదివినవారిని గ్రామీణ వైద్య సహాయకులుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నియమించారు. సాధారణ జబ్బుల వైద్యంలో వీరు ఎంబీబీఎస్ డాక్టర్లకు తీసిపోరని 2010లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. వారితో పాటు ఊరూరా మితానిన్‌లు ఉన్నారు. దేశమంతటా ఉన్న ఆశా కార్యకర్తల వ్యవస్థకు నమూనా ఈ మితానిన్ కార్యక్రమమే. ఆ ఒక పేజీ కాగితం వీరికీ అర్థమయ్యే హిందీలో ఉండాలి.

దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు సాగుతున్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో ‘దీర్ఘాయు’ వార్డుల పేరుతో ఛత్తీస్‌గఢ్ ఉచితంగా కీమో అందిస్తోంది. దేశంలోని అన్ని జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. ఇవి రోగి బస్సు ప్రయాణాన్ని తగ్గిస్తాయి. అయితే డే కేర్ అంటేనే సాయంత్రానికి ఇంటికి పంపేయడం. కాబట్టి పదో రోజు జ్వరాన్ని ఎవరు చూస్తారన్న ప్రశ్న ఇక్కడా అలాగే ఉంటుంది.

చికిత్స ముగిశాక

కెనడాలో ఎవా గ్రన్‌ఫెల్డ్ బృందం తొలిదశ రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పూర్తయిన 968 మంది మహిళలను రెండు గుంపులుగా విడదీసింది. ఒక గుంపును క్యాన్సర్ కేంద్రం, మరో గుంపును వారి ఫ్యామిలీ డాక్టర్లు పర్యవేక్షించారు. ఆ డాక్టర్లకు ఏం చూడాలో చెప్పే ఒక పేజీ సూచనలు ఇచ్చారు. 2006లో ఫలితాలు వచ్చాయి. వ్యాధి తిరగబెట్టడం వల్ల కలిగిన తీవ్ర పరిణామాలు ఫ్యామిలీ డాక్టర్ల గుంపులో 3.5 శాతం, నిపుణుల గుంపులో 3.7 శాతం. తేడా లేనట్టే. కెనడా వైద్య వ్యవస్థ వేరు కాబట్టి ఆ అంకెలను ఇక్కడికి యథాతథంగా తేలేం. కానీ ఆ ఒక పేజీని తేవచ్చు.

నోటి, గొంతు క్యాన్సర్ల విషయంలో ఆ పేజీలో రెండు విషయాలు తప్పక ఉండాలి. మొదటిది పళ్లు. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఏళ్ల తర్వాత అక్కడ పన్ను పీకినా గాయం మానక ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే పాడైన పళ్లను చికిత్సకు ముందే తీసేస్తారు. ఆ తర్వాత పన్ను నొప్పితో వచ్చినవారిని, పీకే ముందు రేడియేషన్ జరిగిందా అని పట్టణంలోని దంతవైద్యుడు అడగాలి. రెండోది థైరాయిడ్. మెడకు రేడియేషన్ ఇచ్చినప్పుడు ఈ గ్రంథి కూడా దెబ్బతిని, నెలలు లేదా ఏళ్ల తర్వాత మందగించవచ్చు. నీరసం, బరువు పెరగడం, మలబద్ధకం వంటివి కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు అవన్నీ క్యాన్సర్ వల్లేనని సరిపెట్టుకుంటారు. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేయిస్తే విషయం తెలిసిపోతుంది. తక్కువైతే రోజుకో చిన్న మాత్ర సరిపోతుంది. ఈ పరీక్ష కోసం జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ బస్సెక్కాల్సిన పని లేదు. పరీక్ష రాసే డాక్టర్‌కు మాత్రం ఆ మెడకు రేడియేషన్ తగిలిందని తెలిసి ఉండాలి.