మీకు తెలుసా? నేలమీదే మోగే చర్చి గంటలు

ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో, చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1776లో పుట్టిన ఈస్ట్ బర్గోల్ట్ గ్రామంలో, సెయింట్ మేరీ చర్చి గంటలు గోపురంలో కాక, నేలమీద కొయ్యతో కట్టిన పంజరంలాంటి మందిరంలో మోగుతాయి. 1525లో మొదలైన గంటల గోపురం పనికి కార్డినల్ వూల్సీ ధనసాయం చేశాడని ప్రతీతి; రాజు ఎనిమిదో హెన్రీ ఆగ్రహానికి గురైన ఆయన 1530లో మరణించాక పని అర్ధాంతరంగా ఆగిపోవడంతో, 1531లో తాత్కాలికమనుకుని వేసిన ఈ కట్టడమే శాశ్వతమైంది. మొండిగా మిగిలిన గోపురం అడుగుభాగం చర్చి పడమటి కొసన నేటికీ నిలిచి ఉంది.

ఇంగ్లండ్ చర్చిలలో సాధారణంగా గంటకు బిగించిన చక్రం మీదుగా తాడు వేసి, కింది గదిలో నిలబడి లాగుతారు. ఇక్కడ ఆ చక్రమూ లేదు, తాడూ లేదు. విశ్రాంతి స్థితిలో నోరు పైకి ఉండేలా తలకిందులుగా నిలిచే ప్రతి గంటనూ, దాన్ని మోసే ‘హెడ్‌స్టాక్’ అనే బరువైన కొయ్య దిమ్మెను పట్టుకుని, పక్కనే నిలబడిన మనిషి చేతులతో తోసి ఊపుతాడు. ఇక్కడున్న ఐదు గంటల్లోకెల్లా పెద్దది 1,300 కిలోలకు పైగా తూగుతుంది కనుక, ఒడుపు తెలియనివారు దాని దరిదాపులకు పోకపోవడమే క్షేమం.